అ ఆలు ముందా, పడవ ముందా? విశాఖ పిల్లలకి చదవడం నేర్పే దారుల పోలిక

మా పెద్దదానికి నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు ఒక ఆదివారం పొద్దున్నే చేపల కోసం ఫిషింగ్ హార్బరుకి వెళ్లాం. అప్పటికే అది 'అ' నుంచి 'ఱ' దాకా గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పేది. చుట్టాలొస్తే చేతులు కట్టుకుని నిలబడి చెప్పి, చాక్లెట్ పుచ్చుకుని వెళ్లేది. ఒడ్డున ఆనించి ఉన్న ఒక పాత చెక్క పడవ మీద ఎవరో తెల్లరంగుతో 'పడవ అమ్మబడును' అని రాసి, కింద ఫోన్ నంబరు వేశారు. మొదటి మాట మీద వేలు పెట్టి చదవమన్నాను.

'ప' దగ్గర ఆగిపోయింది. పెదాలు కదుపుతూ 'త థ ద ధ న' అని పాడుకుంటూ వచ్చి 'ప' అంది. 'డ' కోసం మళ్లీ 'క ఖ గ ఘ' నుంచి ఎత్తుకుంది. 'వ' దొరికేసరికి ముందు రెండూ మర్చిపోయింది. మూడే అక్షరాలు, తలకట్టు తప్ప ఇంకేం లేని మాట. దానికి పాట వచ్చు, చదవడం రాదు. ఆ పాట నేర్పినందుకు మేం అప్పటికి ఏడాది ఫీజు కట్టాం.

వాడికి, అంటే దాని తమ్ముడికి, దారి మార్చాం. ఇద్దర్నీ పక్కపక్కన చూశాక, కాలనీలో ఏప్రిల్ నెలొస్తే చాలు 'ఏ స్కూల్లో వేద్దాం, ఫోనిక్స్ (ఇంగ్లీషు అక్షరాల శబ్దాలు నేర్పే) క్లాసుకి పంపుదామా, తెలుగు అవసరమా' అని అడిగేవాళ్లకి చెప్పీ చెప్పీ, చివరికి ఇలా రాస్తున్నాను. నేను టీచర్ని కాను. ఇద్దరు పిల్లల తల్లిని, కొంచెం ఎక్కువ చదివే అలవాటున్నదాన్ని.

చదవడంలో రెండు పనులున్నాయి

ఏ దారి మంచిదో తేల్చాలంటే, ఏ పనికి దారి వెతుకుతున్నామో ముందు తెలియాలి. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని చిన్న లెక్కలా రాశారు. అక్షరాలు కూడబలుక్కుని మాట పలకడం ఒకటి, పలికిన మాట అర్థం కావడం రెండోది. చదవడం అంటే ఈ రెండింటి గుణకారం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే.

రెండు రకాల సున్నాలూ మన ఇళ్లలోనే కనిపిస్తాయి. మా అమ్మమ్మకి పేపరు చదివి వినిపిస్తే రాజకీయాలన్నీ అరటిపండు ఒలిచినట్టు విడదీసి చెప్పేది, అక్షరం మాత్రం రాదు. ఇంగ్లీషు మీడియంలో మూడో తరగతి చదివే మా పక్కింటి బాబు ఇంగ్లీషు పాఠం గడగడా చదువుతాడు, ఆ పాఠంలో ఎవరు ఎవరి ఇంటికి వెళ్లారో అడిగితే నేలచూపులు చూస్తాడు. మొదటిది సున్నా అని మనకి ఇట్టే తెలిసిపోతుంది. రెండోదాన్ని మాత్రం మార్కులు చూసి మురిసిపోతూ ఏళ్లపాటు కనిపెట్టం.

ఇక అక్కరకొచ్చే చదువు అనేది ఈ రెండింటి మీద ఇంకో మెట్టు. 1978లో యునెస్కో దానికి అర్థం చెప్పింది: మనిషి తను బతికే సమాజంలో చదువు అవసరమయ్యే పనులన్నీ తనంతట తాను చేసుకోగలగాలి అని. విశాఖలో పదేళ్ల పిల్లకి అదంటే ఏమిటి? బస్సు బోర్డు చూసి ఎక్కడం, పాలపాకెట్ మీద తేదీ చూడడం, పరీక్ష పేపర్లో 'ఏవైనా మూడింటికి' అన్న మాట కంటపడడం, అమ్మ రాసిపెట్టి వెళ్లిన చీటీ ప్రకారం పని చెయ్యడం.

చీటీ అంటే గుర్తొచ్చింది. మావాడు రెండో తరగతిలో ఉండగా ఒకరోజు ఫ్రిజ్ మీద 'మోటారు వేశాను. పావుగంట తర్వాత ఆపెయ్' అని రాసి అంటించి బజారుకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ట్యాంకు పొంగి మెట్ల మీద నీళ్లు. 'చీటీ చదవలేదా నాన్నా?' అంటే, 'చదివానమ్మా, మొత్తం చదివాను, ఒక్క తప్పు కూడా లేదు' అన్నాడు. నిజమే, తప్పు లేకుండా చదివాడు. ఆ చీటీ తనతో మాట్లాడుతోందన్న సంగతి మాత్రం వాడికి తట్టలేదు.

ముందు తెలుగా, ఇంగ్లీషా?

ఎక్కువ గొడవ ఇక్కడే. నా తీర్పు ముందే చెప్పేస్తాను: ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకి, బడి మీడియం ఏదైనా సరే, చదవడం మొదట తెలుగులో రావాలి.

దీనికి కారణం భాషాభిమానం కాదు. 'క' ఎక్కడ కనపడ్డా 'క'యే. తెలుగు లిపి మాట మీద నిలబడుతుంది. ఇంగ్లీషులో పీ యూ టీ 'పుట్', బీ యూ టీ 'బట్'. గీతలకీ శబ్దానికీ సంబంధం ఉందన్న గుట్టు పిల్ల మొట్టమొదట కనిపెట్టేటప్పుడు, మాట తప్పని లిపి ఉంటే తొందరగా దొరుకుతుంది. 2003లో ఫిలిప్ సీమోర్, తోటి పరిశోధకులు 13 ఐరోపా లిపుల్లో చదువు నేర్చుకునే పిల్లల్ని పోల్చి చూశారు. మొదటి ఏడాది చివర, తెలిసిన మాటల్లో ఫిన్లండు పిల్లలు నూటికి 98 సరిగ్గా చదివారు. ఇంగ్లీషు నేర్చుకునే స్కాట్లండు పిల్లలు 34 మాత్రమే. స్కాట్లండు పిల్లలు మందమతులేం కారు, పైగా వాళ్లకి ఇంగ్లీషు ఇంటి భాష. అలాంటప్పుడు ఇంగ్లీషు వినని ఇంట్లోంచి వెళ్లే మన పిల్లకి ఆ లిపితోనే శ్రీకారం చుట్టడం అంటే, ఈత నేర్పడానికి నేరుగా రుషికొండ అలల్లోకి దింపినట్టే.

అలాగని తెలుగు తేలికేం కాదు. ముప్పై పైచిలుకు హల్లులు, ఒక్కోదానికి డజను దాకా గుణింతపు రూపాలు, అవే నాలుగొందలకి దగ్గరపడతాయి. ఆపైన ఒత్తులు. సొనాలీ నాగ్ అనే పరిశోధకురాలు 2007లో కన్నడ పిల్లల గురించి ప్రచురించిన అధ్యయనంలో, నాలుగో తరగతికి వచ్చినా పిల్లలు ఇంకా అక్షరాలు నేర్చుకుంటూనే ఉన్నట్టు తేలింది. కన్నడ లిపి మనదానికి తోడబుట్టింది. కాబట్టి 'ఒకటో తరగతి అయిపోయింది, ఇంకా ఒత్తులు రావట్లేదు' అని కంగారు పడకండి. ఇంగ్లీషుకి 26 అక్షరాలు ఒక నెలలో అయిపోతాయి, బాధ తర్వాత మొదలై చాలా ఏళ్లు నడుస్తుంది. తెలుగు బాధంతా ముందే, మూడు నాలుగేళ్లు. ఆ తర్వాత చూడని మాటనైనా చదివేస్తుంది.

తెలుగులో చదవడం వచ్చిన పిల్ల ఇంగ్లీషుకి వెళ్లినప్పుడు మళ్లీ మొదటినుంచి మొదలెట్టదు. ఎడమ నుంచి కుడికి చూడడం, శబ్దాలు కలపడం, అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి చదవడం ఇవన్నీ వెంట వస్తాయి. ఒక భాషలో కుదిరిన చదువు రెండోదానికి ఆసరా అవుతుందని జిమ్ కమిన్స్ 1979లోనే రాశాడు.

ఇదంతా విని 'అయితే తెలుగు మీడియంలో వెయ్యాలా' అని అడుగుతారు. అది డబ్బు, ఉద్యోగం, పరువు అన్నీ కలిసిన వేరే ప్రశ్న. దాని జోలికి నేను వెళ్లను. మాకూ ధైర్యం చాలలేదు, ఇద్దరూ ఇంగ్లీషు మీడియమే. ఇంట్లో రోజూ ఇరవై నిమిషాలు తెలుగు మాత్రం మా చేతిలో ఉంది. పిల్లలు సర్కారు బడిలో ఉంటే ఇంకో సౌకర్యం ఉంది: ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురుపేజీ తెలుగుగా అచ్చేసిన పాఠ్యపుస్తకాలు. ముందు తెలుగు పేజీ చదివించి, విషయం తెలిశాక ఇంగ్లీషు పేజీకి వెళ్లండి. చాలామంది తెలుగు పేజీని అలంకారంలా వదిలేస్తున్నారు.

మినహాయింపు ఒకటుంది. మన ఊళ్లో నేవీ, స్టీల్‌ప్లాంట్, పోర్టు పుణ్యమా అని ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడే ఇళ్లు బోలెడు. ఆ పిల్లలకి పైన చెప్పిందే, వాళ్ల ఇంటి భాషతో. తెలుగు వాళ్లకి ముందు చెవికి, నోటికి రావాలి, కంటికి తర్వాత.

వర్ణమాల దారి, మాటల దారి

తెలుగులోనే మొదలెడదాం అనుకున్నాక కూడా రెండు దారులు. పాత దారిలో ముందు అచ్చులన్నీ, తర్వాత హల్లులన్నీ, గుణింతాలన్నీ, ఒత్తులన్నీ పూర్తయ్యాక మాటలు. మాటల దారిలో ఐదారు అక్షరాలు రాగానే వాటితో కుదిరే మాటలు చదివించి, కొత్త అక్షరాలు కొద్దికొద్దిగా కలుపుకుంటూ పోతారు.

పాత దారికి ఒక గుణం ఉంది, కాదనను. వరుస వస్తుంది, నిఘంటువు చూడడానికి పనికొస్తుంది, తాతయ్యలు సంతోషిస్తారు. కానీ పిల్ల ఏడాదిపాటు ఒక్క మాట కూడా చదవకుండా అక్షరాలు మోస్తుంది. పైగా వరుసలో నేర్చుకున్న అక్షరం వరుసలోనే దొరుకుతుంది, మా పెద్దదానికి పడవ దగ్గర జరిగినట్టు. 'ఙ', 'ఞ'ల కోసం నాలుగేళ్ల పిల్ల వారాలు ఖర్చు పెట్టడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ లాంటివి పిల్లలు మాట్లాడే మాటల్లో ఎన్నని వస్తాయి? రెండో ఏడు నేర్చుకున్నా కొంప మునగదు.

మావాడికి మొదటి వారం నాలుగే అక్షరాలు: అ, ల, వ, త. వాటితో అల, వల, తల. రెండో వారం ప, డ కలిపితే పడవ. విశాఖ పిల్లకి సముద్రం మొత్తం తలకట్టు మాటల్లోనే దొరుకుతుంది చూడండి. అల, వల, పడవ. తర్వాత పలక, గడప, నడక, మడత, కలప. పదిహేను రోజులకే 'నేను చదివేశాను' అని వాడు ఇల్లంతా తిరిగాడు. ఆ గర్వం లేకపోతే మిగతా మూడేళ్లు లాగలేం.

దీర్ఘాలు, గుడులు వచ్చాక పుస్తకం పక్కన పెట్టి బస్సు స్టాపులో నిలబడ్డాం. మన ఊరి పేర్లే వాచకం. ఒత్తు లేనివి ముందు: ఎండాడ, గాజువాక, మధురవాడ, ఇసుకతోట, రుషికొండ, కంచరపాలెం, సింహాచలం, జగదాంబ. 'పాలెం' ఒక్కసారి వస్తే చాలు, ఊళ్లో సగం బోర్డులు చివర్నుంచి వచ్చేస్తాయి.

ఒత్తుల్లో రెండు జాతులున్నాయి. గ, డ, ద, ప, బ లాంటివి తమ రూపంతోనే, తలకట్టు తీసేసి కింద కూర్చుంటాయి. మద్దిలపాలెంలో 'ద్ద' చూస్తే ఎవరైనా పోల్చుకుంటారు. త, న, మ, య, ర, ల మాత్రం వేషం మార్చేస్తాయి. పిల్లలు తడబడేది ఈ ఆరింటి దగ్గరే. ఈ ఆరూ మన ఊరి పేర్లలోనే దొరుకుతాయి: త ఒత్తు వాల్తేరులో, న ఒత్తు విశాఖపట్నంలో, మ ఒత్తు సీతమ్మధారలో, య ఒత్తు అక్కయ్యపాలెంలో, ర ఒత్తు మర్రిపాలెంలో, ల ఒత్తు అల్లిపురంలో. ఆరు అట్టముక్కల మీద ఈ ఆరు పేర్లు పెద్దగా రాసి గోడకి తగిలించాను. కొత్త మాటలో వేషం మార్చిన ఒత్తు కనిపిస్తే వాడే వెళ్లి గోడ మీద వెతుక్కునేవాడు.

ఇంకో చిక్కు పెద్దవాళ్లకి అసలు కనబడదు. మావాడు 'ద్వారకానగర్'ని 'దావరకానగర్' అని చదివాడు. నవ్వొచ్చింది కానీ, కాసేపు ఆ బోర్డునే చూస్తే వాడే కరెక్టనిపించింది. దీర్ఘం తగిలింది 'ద'కే, 'వ' ఒత్తు కింద ఉంది. కంటికి దా, తర్వాత వ. పలకడంలో మాత్రం దీర్ఘం ఒత్తు దాటి వెళ్లాలి. 'మర్రి'లో గుడీ అంతే, పైన 'ర' మీద కూర్చుని కింది 'ర' తర్వాత పలుకుతుంది. 'ముందు పైన, తర్వాత కింద, ఆఖరికి గుడి' అని వేలితో మూడుసార్లు చూపిస్తే చాలు. ఎవరూ చూపించకపోతే పిల్ల ఊహించి చదవడానికి అలవాటు పడుతుంది. ఊహించే అలవాటు ఒకసారి పడితే వదిలించడం చాలా కష్టం.

ఒకేలా కనిపించే అక్షరాల గురించి ఒక మాట. మ, య, వ. ప, ష, స. ద, ధ, డ. వీటిని ఒకే రోజు పక్కపక్కన పెట్టి 'తేడా చూడు' అనకండి. ఒకటి గట్టిపడ్డాక నెల రోజులకి రెండోది.

ఏటి, ఏమిటి

మన వైపు పిల్లలకి ఇంకో అడ్డంకి ఉంది. ఇంట్లో 'ఏటి' అంటారు, పుస్తకంలో 'ఏమిటి' ఉంటుంది. ఇంట్లో 'ఎల్తన్నాను', పుస్తకంలో 'వెళ్తున్నాను'. పిల్ల 'ఏమిటి'ని చూసి 'ఏటి' అని చదివితే నిజానికి అది మంచి సంకేతం, అర్థం అందింది కాబట్టే తన మాటలోకి మార్చుకుంది. 'అవునమ్మా ఏటి, పుస్తకంలో ఇలా రాశారు, చూడు' అంటే సరిపోతుంది. 'అదేం మాట, సరిగా మాట్లాడు' అన్నారంటే నోరు మూసేస్తుంది. మా పెద్దదాన్ని ఒక టీచరు అలాగే అంది. రెండు నెలలు క్లాసులో పైకి చదవలేదు.

ఈ పేచీ మన ఊరికి కొత్త కాదు. 1906 ప్రాంతంలో బడుల తనిఖీకి వచ్చిన యేట్స్ దొర, పిల్లలు మాట్లాడే తెలుగుకీ పుస్తకాల తెలుగుకీ ఇంత దూరం ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్నని పట్టుకున్నవాళ్లలో విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఒకరు, శ్రీకాకుళం వైపు పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు ఇంకొకరు. గిడుగువారు సవర గిరిజన పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు తయారుచేశారు. ఇంటి భాషలో మొదలెట్టాలన్న మాట ఈ మధ్య ఎవరో కనిపెట్టినట్టు వర్క్‌షాపుల్లో చెబుతుంటే నాకు ఆయనే గుర్తొస్తారు.

ఇంగ్లీషు: స్పెల్లింగు పాటా, ఫోనిక్సా?

'సీ ఏ టీ క్యాట్' అని పాడించడంలో పిల్లకి వచ్చేవి అక్షరాల పేర్లు. 'సీ', 'ఏ', 'టీ' మూడూ ఎంత గట్టిగా కలిపినా 'క్యాట్' రాదు. ఫోనిక్స్‌లో పేరు బదులు శబ్దం నేర్పుతారు. వరుసగా, పద్ధతిగా శబ్దాలు నేర్పడం మేలని 2000లో అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే నిపుణుల బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ జల్లించి చెప్పింది. ఈ పోటీలో ఫోనిక్స్ గెలిచినట్టే.

కానీ ఫోనిక్స్ మంచిదనడం వేరు, వీధి చివర ఫోనిక్స్ క్లాసు మంచిదనడం వేరు. నేను కూర్చుని చూసిన ఒక క్లాసులో టీచరు 'క - అ - ట' అంటోంది, పిల్లలు 'కఅట' అంటున్నారు. మన హల్లులో 'అ' ముందే కలిసి ఉంటుంది కదా, ఆ అలవాటు ఇంగ్లీషులోకీ వచ్చేసింది. దీనికి మందు తెలుగులోనే ఉంది. మావాడికి ఒక్క మాట చెప్పాను: 'ఇంగ్లీషు హల్లులన్నీ పొల్లులే నాన్నా.' క్, ట్, న్, ప్. పొల్లు రాయడం అప్పటికే వచ్చు కాబట్టి ఒక్క సాయంత్రంలో పట్టేశాడు. తెలుగు ముందు అని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం.

ఇంట్లో ఒకరికైనా ఇంగ్లీషు పైకి చదవడం వస్తే క్లాసు అక్కర్లేదు, మూడు నాలుగు నెలలు ఇంట్లోనే చాలు. ఎవరికీ రాకపోతే క్లాసుకి పంపండి. చేర్పించే ముందు మాత్రం పది నిమిషాలు లోపల కూర్చుంటానని అడగండి. కూర్చోనివ్వకపోతే అక్కడితో ఆ మాట ముగిసినట్టే.

ఎక్కడికి పంపాలి

అంగన్‌వాడీ: మూడు నుంచి ఆరేళ్ల వరకు, ఉచితం, తిండి పెడతారు, మాటలు ఎక్కువగా తెలుగులోనే. ఈ వయసు పిల్లల కోసం 2024లో కేంద్రం ఆధార్‌శిల అనే పాఠ్యప్రణాళిక ఇచ్చింది, అందులో ఆటకీ మాటకీ పెద్దపీట. అయితే అంతా ఆ అంగన్‌వాడీ టీచరు మీదే ఆధారం. కథలు చెప్పే టీచరు మీ వీధిలో ఉంటే, నా మాట నమ్మి, ప్లేస్కూలు ఫీజు దాచుకోండి.

ప్లేస్కూలు: పేరులో ప్లే ఉంటుంది. మా పెద్దది వెళ్లినచోట నాలుగేళ్లకే రోజూ నాలుగు పేజీలు రాసుకురమ్మనేవారు. వేళ్లకి ఇంకా పట్టు రాని వయసు. రాయడమంటే ఏడుపు, ఆ ఏడుపు చదవడం మీదికీ పాకింది. ప్లేస్కూలుకి వెళ్లినప్పుడు స్మార్ట్‌బోర్డు, ఏసీ చూడకండి. పిల్లల చేతికి అందే ఎత్తులో కథల పుస్తకాలున్నాయా, వాటి అంచులు నలిగి ఉన్నాయా అన్నది చూడండి. అద్దాల బీరువాలో కొత్తగా మెరుస్తుంటే అవి మనకోసం పెట్టినవి.

ట్యూషన్: హోంవర్కు పూర్తి చేయించడానికి సరే. చదవడం నేర్పడానికి సాధారణంగా పనికిరాదు, పదిమందిలో పైకి చదివే వంతు మన పిల్లకి ఎన్ని నిమిషాలు వస్తుందో లెక్కేసుకోండి. ఎనిమిదేళ్లు దాటీ చదవడం రాని పిల్ల సంగతి వేరు. అలాంటివాళ్లని తరగతిని బట్టి కాకుండా, ఇప్పుడు ఎంత వచ్చో ఆ మెట్టును బట్టి కూర్చోబెట్టి నేర్పే పద్ధతిని ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చాలాకాలంగా నడుపుతోంది. ట్యూషన్ పెట్టాలంటే 'నాలుగో తరగతి పాఠాలు వద్దు, మా పిల్లకి గుణింతాల నుంచి చెప్పండి' అని అడగడానికి సిగ్గుపడొద్దు.

యాప్, పుస్తకం, లైబ్రరీ

గూగుల్ 2019లో బోలో అనే పేరుతో మొదలెట్టిన రీడ్ ఎలాంగ్, పిల్ల పైకి చదువుతుంటే విని తప్పులు సరిదిద్దే రకం. తర్వాత తెలుగు కూడా చేర్చారు. అమ్మానాన్నలిద్దరూ సాయంత్రం ఏడింటికి గానీ ఇంటికి రాని ఇళ్లలో ఇలాంటిది మేలే. ఒకటే ఇబ్బంది: మా ఇంట్లో పది నిమిషాల చదువు యాప్ తర్వాత అరగంట కార్టూన్లు ఎలా వచ్చేసేవో ఎవరికీ తెలిసేది కాదు.

నాకు ఎక్కువ ఉపయోగపడింది స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టిన ఉచిత కథల ఖజానా, తెలుగు కథలూ ఉన్నాయి, చదివే మెట్టును బట్టి నాలుగు స్థాయిలుగా విడదీసి పెట్టారు. మొదటి స్థాయివి ప్రింట్ తీయించి, మడతపెట్టి కుట్టి ఇస్తే అవే పుస్తకాలు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి నెలకి రెండుసార్లు తీసుకెళ్లండి. పిల్లలకి పుస్తకం ఏది ఇవ్వాలో అని తెగ ఆలోచించకండి, వాళ్లే లాక్కుంటారు. మావాడు మొదట లాగింది వంటల పుస్తకం, బొమ్మలు బాగున్నాయని.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

రిపోర్టు కార్డు చూసి తెలియదు. పిల్లలకి చదవడం ఎంత వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వేలో 2005 నుంచి వాడుతున్న పద్ధతి ఇంట్లో చేసుకోవచ్చు: అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్ల ఎక్కడ ఆగిపోతే అదే మెట్టు. ఐదు నిమిషాల పని. ముందెప్పుడూ చూడని ముక్క ఇవ్వడం ముఖ్యం, పాఠ్యపుస్తకంలోది ఇస్తే కంఠతా అప్పజెబుతారు.

వేగం సంగతికొస్తే, చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో మొదలెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 అని లక్ష్యం పెట్టింది, అదీ అర్థం చేసుకుంటూ. గడియారం పట్టుకునే ముందు ఒకటి గుర్తుంచుకోండి. ఇంగ్లీషులో నాలుగైదు మాటలయ్యేది మనకి 'వెళ్లిపోతాడనుకున్నాను' అనే ఒక్క మాటలో ఇరుక్కుంటుంది. మావాడు 40 దగ్గర ఉన్నప్పుడు నేను కంగారుపడి, తర్వాత ఆ పేరాలో అక్షరాలు లెక్కపెట్టి ఊరుకున్నాను.

అర్థం సంగతి తేల్చడానికి నాకు చీటీయే మంచి పరీక్ష. 'బియ్యం రెండు గ్లాసులు కడిగి నానబెట్టు. చిన్న గిన్నె కాదు, పెద్దది' లాంటివి. పని సరిగ్గా జరిగితే చదివినట్టు. ట్యాంకు పొంగిన తర్వాత నెల రోజులు రోజుకో చీటీ అంటించాను. అమ్మాయేమో తిరిగి నాకు చీటీలు అంటించడం మొదలెట్టింది, ఎక్కువగా ఐస్‌క్రీము గురించి.

ఎప్పుడు ఆగి చూడాలి

రెండో తరగతి సగానికి వచ్చినా తలకట్టు మాటలు కూడబలుక్కోలేకపోతే, ముందు దారిని అనుమానించకండి, కళ్లూ చెవులూ చూపించండి. వాల్తేరు వైపు సర్కారు కంటాసుపత్రి, ఈఎన్‌టీ ఆసుపత్రి రెండూ ఉన్నాయి. బోర్డు కనపడని పిల్లకి బద్ధకస్తురాలని పేరు పెట్టిన ఇల్లు మా చుట్టాల్లోనే ఒకటుంది, కళ్లజోడు పెట్టిన వారానికి ఆ పేరు పోయింది.

కళ్లూ చెవులూ బాగున్నాయి, మాటల్లో చురుకు, లెక్కలు నోటితో చెప్పేస్తుంది, కథ చెబితే అల్లుకుపోతుంది, అక్షరం దగ్గరే ఆగిపోతుంది అంటే డిస్లెక్సియా కావచ్చు. తెలివికీ దీనికీ సంబంధం లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలని, అంటే డిస్లెక్సియా లాంటివాటిని, చేర్చారు. నిర్ధారణ కాగితం ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్లు అడగవచ్చు. పిల్లల డాక్టరు దగ్గర మొదలెట్టి సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. వెళ్లేటప్పుడు గత రెండేళ్ల నోటుపుస్తకాలు పాతపేపర్లవాడికి వేసెయ్యకుండా సంచిలో పెట్టుకుని పట్టుకెళ్లండి. ఎక్కడ ఏ తప్పు పదేపదే వస్తోందో వాటిలోనే కనిపిస్తుంది.